పండితుడికి పిల్లనివ్వని పంజరం

పదకొండో స్వయంవరం కూడా భగ్నమైంది.

రాజుల స్వయంవరాలు భగ్నమైతే యుద్ధాలు జరుగుతాయి, కావ్యాలు పుడతాయి. ఈ స్వయంవరం భగ్నమైనందుకు ఒక ఫారంలో ‘శిక్షిత పక్షి ఎంపిక: లేదు’ అన్న గడిలో టిక్కు పడింది, అంతే. ఆ టిక్కు పెట్టిన పరిశోధకురాలు పెన్సిలును ఎంత గట్టిగా నొక్కిందంటే, దాని మొన విరిగి, ఎగిరి, జాలీ సందులోంచి వధువు పంజరంలో పడింది. వధువు దాన్ని ఒక కంటితో చూసింది, తల తిప్పి రెండో కంటితో చూసింది, తినదగినది కాదని తేల్చుకుని తన పనిలో తాను పడింది. ఆ పని, పండితుణ్ణి చూడకుండా ఉండటం.

పండితుడంటే రెండేళ్ల వయసున్న నీలిరంగు బడ్జీ చిలుక. రికార్డుల్లో ఏడో నంబరు మగపక్షి. పండిత బిరుదాన్ని ప్రదానం చేసినది ఏ విద్వత్సభా కాదు. ముప్పై ఏళ్లుగా ఆ పక్షుల గదిని ఊడ్చి, కడిగి, గింజలు తూచి పెడుతున్న, అందరూ బాబాయ్ అని పిలిచే మనిషి. అయితే బిరుదు ఊరికే రాలేదు. పారదర్శకమైన ఒక ప్లాస్టిక్ పెట్టెకున్న గడియ లాగి, మూత ఎత్తి, లోపలి సొరుగును పక్కకు జరిపి, అందులోని కొర్రగింజను ముక్కున పట్టడం పండితుడికి తొమ్మిది సెకన్ల పని. లిఫ్టులు బాగుచేయడంలో చేయి తిరిగిన పరిశోధకురాలి భర్త ఒకనాడు ఆ గదిని చూడటానికి వచ్చి, అదే పెట్టెకు పద్నాలుగు సెకన్లు తీసుకున్నాడు. ఆ ప్రస్తావన ఇంట్లో తేకూడదని భార్యాభర్తల మధ్య ఒప్పందం ఉంది.

ఇంతటి విద్వాంసుడికి పిల్ల దొరకడం లేదు. అదీ ఆమె దుఃఖం.

దుఃఖానికి మూలం ఆమె పరిశోధనకు గైడైన ఆచార్యులవారి సిద్ధాంతం. బుద్ధిగల మగపక్షి మేత సంపాదించడంలో నేర్పరి అవుతుంది. మేత సంపాదించగలవాడి పిల్లలు బతికి బట్టకడతాయి. కాబట్టి ఆడపక్షికి మగవాడి బుద్ధిని కళ్లారా చూసే అవకాశమిస్తే, అది బుద్ధిమంతుణ్ణే వరిస్తుంది. ఈ సిద్ధాంతాన్ని నిరూపించడానికి మధ్య పంజరంలో ఆడపక్షిని ఉంచి, ఒకవైపు పెట్టె విద్య నేర్చిన మగపక్షిని, రెండోవైపు ఏ విద్యా నేర్వని మగపక్షిని కూర్చోబెట్టేవారు. గంటసేపు ప్రదర్శన. ఆ తర్వాత గాజు అడ్డుతెరలు తీస్తే, ఆడపక్షి ఎవరి పక్కకు వెళ్లి ఎక్కువసేపు కూర్చుంటే వారిదే గెలుపు.

గెలుపు ప్రతిసారీ బద్ధకిష్టిది. ఇది కూడా బాబాయ్ పెట్టిన పేరే. బద్ధకిష్టి ఆకుపచ్చని చిలుక. దాని ముందు పెట్టె పెడితే, చుట్టూ ఒకసారి తిరిగి, మూతమీదికెక్కి, అక్కడే రెట్ట వేసి, కునికేది. దాని మొత్తం మేధాసంపత్తి ఇదే. అయినా తెర తీయగానే వధువులు వరుసకట్టి దాని పక్కకే పోయేవి, మెడ వంచి తల దువ్వించుకునేవి. వాటిలో అగ్రగణ్యురాలు, గూటిపెట్టెలన్నింటిలోకీ పెద్దది తనకే కావాలని పోట్లాడి గెలుచుకున్న మహారాణి, పండితుడి వైపున్న కడ్డీ మీద ఇంతవరకు కాలు కూడా మోపలేదు.

ఇంకా పన్నెండు రోజుల్లో సమీక్షా సంఘం కూర్చుంటుంది. ఐదేళ్ల పరిశోధనకు ఒక్క అనుకూల ఫలితమైనా చూపకపోతే, పక్షుల గది చేపల విభాగానికి పోతుంది. చేపలవాళ్లు అప్పటికే రెండుసార్లు టేపు తెచ్చి గోడలు కొలుచుకుపోయారు. రెండోసారి వచ్చినప్పుడు పండితుడి పంజరం ఉన్నచోటే పెద్ద తొట్టి వస్తుందని ఆమె వినేట్టుగానే చెప్పుకున్నారు.

ఆమె ఫారం పట్టుకుని ఆచార్యులవారి గదికి వెళ్లింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు మూసుకుని, పదకొండో పరాజయ వార్తను సంగీతం విన్నట్టు విన్నారు.

“సిద్ధాంతం తప్పు కాదమ్మా,” అన్నారు కళ్లు తెరవకుండానే. “పక్షులే ఇంకా దాని స్థాయికి రాలేదు.”

“పదకొండూ అటే పోయాయి సార్.”

“పన్నెండోది పెట్టు. పదమూడోది పెట్టు. ఎక్కడో ఒక ఆడపక్షికి బుద్ధి లేకపోదు.”

“గడువు పన్నెండు రోజులే ఉంది సార్.”

“ఇరవై ఏళ్ల కిందట నేనీ సిద్ధాంతం రాసినప్పుడు ఒక్క పక్షిని కూడా చూడలేదు, తెలుసా?” అని, అదేదో తపోబలమన్నట్టు చిరునవ్వు నవ్వి, ఆయన మళ్లీ వెనక్కి వాలారు.

గోడకు చెప్పుకున్నా ఇంతకన్నా మేలేమో అనుకుంటూ ఆమె ఇల్లు చేరింది. అక్కడ ఇంకో న్యాయస్థానం కాచుక్కూర్చుంది. ప్రసూతి వార్డులో నర్సుగా పనిచేసి రిటైరైన అత్తగారు, కోడలు చెప్పులు విప్పకముందే విచారణ మొదలుపెట్టింది.

“ఏమ్మా, మీవాడికి సంబంధం కుదిరిందా?”

“లేదత్తయ్యా.”

“ఏం రోగం ఆ పిల్లలకి? చదువుకున్నవాడు, నీలిరంగు, చెడలవాట్లు లేవు.”

“మీరూ మొదలుపెట్టకండి.”

“అడగనీ. ఆ రెండోవాడు ఏం చేస్తాడు?”

“ఏమీ చేయడు. కూర్చుంటాడు.”

“ఎవరితో కూర్చుంటాడు?”

“అందరితోనూ! పొద్దస్తమానం ఎవరో ఒకరి పక్కన చేరి కబుర్లు చెబుతుంటాడు.”

“మరి మీవాడు?”

“మావాడికి అంత తీరికెక్కడిది? పెట్టె ప్రాక్టీసు చేస్తుంటాడు.”

అత్తగారు, అన్నం తింటున్న కొడుకు వైపు ఒక చూపు చూసి, “తెలిసిందిలే,” అంది. పెట్టె అన్న మాట వినబడగానే ఆ కొడుకు కంచం మీదికి మరింత వంగాడు.

అత్తగారి మాటలో ఏదో ఉందని పరిశోధకురాలికి అనిపించకపోలేదు. కానీ డాక్టరేటు కోసం పరిశోధన చేస్తున్న మనిషికి, ఇంటి గుమ్మంలో దొరికిన జ్ఞానాన్ని వెంటనే స్వీకరించడం మర్యాదగా తోచదు. అందుకని ఆమె రాత్రంతా తన శాస్త్రీయ పద్ధతిలో ఆలోచించి, తెల్లవారేసరికి పూర్తిగా తప్పు నిర్ణయానికి వచ్చింది. ఆ నిర్ణయంతోనే మర్నాడు గదిలో అడుగుపెట్టింది.

“బాబాయ్, నిజం చెప్పు. బద్ధకిష్టికి చాటుగా మేత ఎక్కువ పెడుతున్నావా?”

బాబాయ్ ఊడుస్తున్న చీపురు ఆగిపోయింది. “ఏమన్నావమ్మా?”

“వాడు నిగనిగలాడుతున్నాడు. మనవాడేమో బక్కచిక్కిపోయాడు. ఆడపక్షులు ఒళ్లు చూసి మోసపోతున్నాయేమోనని.”

“ముప్పై ఏళ్లలో నేనొక్క గింజ అటూ ఇటూ వేసినవాణ్ణి కాదు.” బాబాయ్ త్రాసును ఆమె ముందుకు జరిపాడు. “తూచి పెడతాను. తిన్నది తిన్నట్టు కక్కేస్తుంటే వాడి ఒంటికేం పడుతుంది?”

“కక్కుతున్నాడా? ఎప్పుడు?”

“రోజూ. పెట్టె తెరిచి గింజ మింగాక. నీ స్టూలు వైపున్న జాలీకి. అది తడిగుడ్డతో తుడిచేదెవరనుకున్నావు?”

“అయ్యో, జబ్బు చేసిందన్నమాట! ఇన్నాళ్లూ నాకు చెప్పలేదేం?”

బాబాయ్ ఆమెను జాలిగా చూశాడు. ముప్పై ఏళ్లలో ఆయన ఆ గదిలోంచి ఎనిమిది మంది డాక్టరేట్లను సాగనంపాడు. ఆ ఎనిమిది మందినీ ఏదో ఒకనాడు ఇలాగే చూశాడు.

“జబ్బేమీ కాదమ్మా. వాడికి పెళ్లయిపోయింది.”

“ఎవరితో?”

బాబాయ్ నోటితో చెప్పలేక చీపురు కర్ర ఎత్తి చూపించాడు. ఆమె వెనక్కి తిరిగి చూసింది. వెనక గోడ తప్ప ఎవరూ లేరు. మళ్లీ ఇటు తిరిగేసరికి కర్ర ఇంకా తనవైపే ఉంది.

“తప్పుగా అనుకోకు. వాడి లెక్కలో నువ్వే ఇల్లాలివి.”

మగచిలుక తాను తిన్న మేతను పైకి తెచ్చి నోటికందించడం ఆ జాతి ప్రణయానికి పరాకాష్ఠ అన్న విషయం మీద పరిశోధకురాలు నలభై పేజీల అధ్యాయం రాసి ఉంది. అందులో పటాలు మూడు, పట్టికలు ఆరు. అయితే అధ్యాయం రాసేటప్పుడు ఆ నోరు తనదై ఉండవచ్చునని ఆమెకు తట్టలేదు.

“ఎన్నాళ్లనుంచి?” అంది నీరసంగా.

“ట్రైనింగు అయినప్పట్నుంచీ.”

“ఒక్క మాట చెప్పొచ్చు కదా బాబాయ్!”

“చేరిన రోజునే ఏమన్నావు? ‘ఫారంలో ఉన్నవి తప్ప నాకేమీ చెప్పకు బాబాయ్, నా మనసు మీద ప్రభావం పడుతుంది’ అన్నావు. ఫారంలో దీనికి గడి లేదు. నోరు మూసుకున్నాను.”

అది నిజం. పెట్టె గురించి ఫారంలో మూడే గడులు: తెరిచిందా, ఎన్ని సెకన్లలో, ఎన్నోసారి. కెమెరా కూడా పెట్టె చుట్టూ జానెడు మేర తప్ప మరేమీ చూడకుండా బిగించి ఉంది. అనవసరమైన దృశ్యాలు పరిశోధకుల నిష్పాక్షికతను చెడగొడతాయని ఆచార్యులవారి ఆదేశం. సొరుగు జరిగిన క్షణాన ఆమె స్టాప్‌వాచీ నొక్కి, తల వంచి అంకె రాసుకునేది. తల ఎత్తేసరికి పండితుడు కడ్డీ మీద ఏమీ ఎరగనట్టు కూర్చునేవాడు. విజ్ఞానశాస్త్రం అంకె వేసుకుంటున్న ఆ నాలుగు సెకన్లలోనే రోజూ ప్రణయమంతా జరిగిపోయేది.

ఇక ఆ ప్రణయానికి పురోహితురాలు కూడా ఆమే. ఏకాగ్రత చెదరకుండా ఉండాలని పండితుణ్ణి పిల్ల వయసులోనే మందలోంచి వేరుచేసి, వేరే గదిలో ఒంటరిగా నాలుగు నెలలు ఉంచింది. గడియ ముట్టుకుంటే ఒక గింజ, లాగితే రెండు గింజలు, తన వేలి కొననుంచే తినిపించింది. “శభాష్ రా నాన్నా” అని ప్రతిసారీ మెచ్చుకుంది. ఆ నాలుగు నెలలూ బద్ధకిష్టి ఏ విద్యకూ నోచుకోక, మందలో పడి తిరుగుతూ, ఎవరికి కోపమొచ్చినప్పుడు ఎంత దూరం జరగాలో, ఎవరి మెడ ఎప్పుడు దువ్వాలో నేర్చుకుంటూ గడిపాడు. ఆ పాఠాలకు మార్కులు వేసేవాళ్లు లేకపోవడం వల్ల అవి పాఠాలని ఎవరికీ తెలియలేదు.

ఆ మధ్యాహ్నమే ఆమె ప్రయోగం పెట్టింది. మధ్య పంజరంలో మహారాణి. స్టూలు మీద తాను. ఈసారి తల వంచలేదు.

తొమ్మిది సెకన్లు. పండితుడు గింజ మింగి, ఎగిరి వచ్చి స్టూలు ఎదుట జాలీని పట్టుకున్నాడు. ఒళ్లు సన్నగా చేసుకుని అటొక అడుగు, ఇటొక అడుగు జరిగాడు. కనుపాప చుక్కంత అయ్యి మళ్లీ విచ్చుకుంది. తల పైకీ కిందికీ నాలుగుసార్లు ఊపి, గొంతులోంచి గింజను పైకి తెచ్చి, ఆమె ముఖానికెదురుగా జాలీకి అతికించి, ఎలా ఉందన్నట్టు చూశాడు. నలభై పేజీల అధ్యాయంలోని ఒక్కొక్క వాక్యాన్నీ అక్షరం పొల్లుపోకుండా అభినయించి చూపాడు.

ఆమె చెవులు వేడెక్కాయి. చూపు తిప్పుకుంటే మహారాణి కనబడింది. మహారాణి పండితుణ్ణి చూడటం లేదు. ఆమెనే చూస్తోంది, తల ఒకవైపుకు వంచి, తాపీగా, కాలిగోళ్లనుంచి కళ్లజోడు దాకా. పెళ్లయినవాడి ఇంటికి పొరపాటున వచ్చిన మనిషి, ఆ ఇంటి ఇల్లాలిని చూసినట్టు చూసింది. ఇన్నాళ్లూ తాను కనిపెట్టలేనిది ఇది మొదటిరోజే కనిపెట్టి ఉంటుందని తెలిసి, పరిశోధకురాలికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరిమీద కోపగించుకోవాలో తోచక స్టూలును తన్నింది. పండితుడు అదీ మెచ్చుకుని మళ్లీ తల ఊపాడు.

మర్నాడు స్టూలు మీద బాబాయ్ కూర్చున్నాడు. ఇరవై నిమిషాల్లో పండితుడు పెట్టె జోలికే పోలేదు. తలుపు వైపు తిరిగి అరుస్తూనే ఉన్నాడు. ఆపై మూడు రోజుల్లో ఆమె తన చేతిమీదుగా విద్య నేర్చిన ఆరు మగపక్షులనూ ఇలాగే పరీక్షించింది. నాలుగు ఆమెను వరించినవే. ఐదోది ఆమె చేతిగడియారాన్ని వరించింది. ఆరోదానికి ఏ మచ్చా లేదు గానీ, దానికి పెట్టె తెరవడమూ సరిగా రాదు. ఐదేళ్ల శ్రమలో తెలివిని కొలిచానని రాసుకున్న ప్రతి అంకె వెనకా ఒక ప్రేమలేఖ ఉంది.

ఇదంతా ఏడు పేజీలుగా రాసి ఆచార్యులవారి ముందు పెట్టింది. ఈసారి ఆయన కళ్లు తెరిచే చదివారు.

“ఈ పేజీలు తీసేయ్,” అన్నారు. “ఏడో నంబరుకి జబ్బు చేసిందని రాయి. మిగతావాటికీ అదే అంటుకుందని రాయి.”

“జబ్బు చేయలేదు సార్.”

“పక్షే కదమ్మా అది! ఎవరొచ్చి నాడి పట్టి చూస్తారు?”

“నేను చూశాను కదా సార్.”

“ఆవేశపడకు. ఇది బయటపడితే నీ ఐదేళ్లూ గంగలో కలిసినట్టే. గది చేపలవాళ్లదవుతుంది. జబ్బని రాస్తే, ఇంకో ఏడాది గడువడగొచ్చు. నీ మేలు కోరే చెబుతున్నాను.”

ఆ మాటలో అబద్ధం లేకపోవడమే ఆమెను ఎక్కువ బాధించింది. ఆయన దుర్మార్గుడైతే ఎదిరించడం తేలికయ్యేది. ఆమె కాగితాలు సర్దుకుంది. జబ్బని రాయడానికి ఒక్క పంక్తి చాలు. ఆ పంక్తిని మనసులో రెండుసార్లు రాసి కూడా చూసింది. కానీ, ‘ఆడపక్షులు బుద్ధిని గుర్తించలేదు’ అన్న పాత వాక్యం ఆ పంక్తి చాటున నివేదికలో అలాగే మిగిలిపోతుంది. అది అబద్ధమని ఇప్పుడామెకు తెలుసు. మహారాణి తనవైపు చూసిన చూపు ఇంకా వీపుకు అతుక్కునే ఉంది.

“ఈ పేజీలు ఉంటాయి సార్.”

“అయితే వాటి మీద నా సంతకం ఉండదు.”

“సరే సార్,” అంది. అనేసి ఏడు పేజీలూ చంకన పెట్టుకుని మెట్లు దిగింది.

సమీక్షా సంఘంలో ముగ్గురున్నారు. చేపల విభాగం పెద్ద రెండో పేజీ దగ్గరే పగలబడి నవ్వాడు. “అభినందనలమ్మా! సంబంధం మంచిదే, వదులుకోకు,” అన్నాడు. రెండో సభ్యుడు టీ తాగుతూ ఉండిపోయాడు. లెక్కలు చూసే పెద్దావిడ మాత్రం ఏడు పేజీలూ చదివి, కళ్లజోడు తీసి, “ఐదేళ్లలో ఈ గదినుంచి వచ్చిన కాగితాల్లో నేను నమ్మగలిగినవి ఇవే,” అంది.

“ఇది నేను మొదట్నుంచీ శంకిస్తున్నదే,” అన్నారు ఆచార్యులవారు వెంటనే, కుర్చీని బల్ల దగ్గరికి లాక్కుంటూ.

పెద్దావిడ ఆయన మాట చెవిన వేసుకోలేదు. పరిశోధకురాలినే అడిగింది. “మళ్లీ మొదట్నుంచీ చేయాలి. మేత చేతినుంచి కాదు, గొట్టంలోంచి రావాలి. ఒక సీజను ఇప్పిస్తాను. కానీ నువ్వు ఆ గదిలోకి వెళ్లకూడదు. నీ ముఖం కనబడకూడదు, గొంతు వినబడకూడదు. ఉండగలవా?”

“ఉంటానండి,” అంది ఆమె, ఎంత పెద్ద మాట అంటున్నదో తెలియకుండా.

ఆ విధంగా గది దక్కింది, గడప దాటే హక్కు పోయింది. స్టూలు, స్టాప్‌వాచీ, పరిశీలకుడి హోదా బాబాయ్‌కి సంక్రమించాయి. ఆమె సింహాసనం వరండాలోకి మారింది: మూసిన తలుపుకెదురుగా ఒక ప్లాస్టిక్ కుర్చీ, పక్కన చేపలవాళ్లు ముందస్తుగా తెచ్చి పెట్టుకుని వెనక్కి తీసుకుపోని ఖాళీ తొట్లు. నాలుగో గడి చేర్చిన కొత్త ఫారాలు సాయంత్రానికి తలుపు కిందనుంచి జారి వచ్చేవి. ‘గింజ ఎవరికిచ్చింది?’ అన్నది ఆ గడి.

మొదటివారమంతా బాబాయ్ పెద్దపెద్ద అక్షరాల్లో ఒకటే రాశాడు: పెట్టె ముట్టలేదు. తలుపు వైపు చూసి అరిచాడు. ఆ సంగతి ఫారం చెప్పనక్కర్లేదు. తలుపు మందం రెండంగుళాలే. ఆ అరుపు వినబడినప్పుడల్లా ఆమె కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, గొంతులోకొచ్చిన “ఏంట్రా నాన్నా”ను మింగుతూ కూర్చునేది. పైగా జలుబు చేసింది. దగ్గొచ్చినప్పుడల్లా వరండా చివరిదాకా పరుగెత్తి, మెట్ల మలుపులో దగ్గి వచ్చేది.

“నువ్వు ఇంటి దగ్గర ఉండొచ్చుగా అమ్మా,” అన్నాడు బాబాయ్ ఒకరోజు బయటికొచ్చి, గొంతు తగ్గించి. “ఇక్కడ నీకేం పని?”

“ఏమీ లేదు,” అంది ఆమె, అంతకన్నా తగ్గించి.

“మరి?”

“నీ పని నువ్వు చూసుకో బాబాయ్.”

పంతొమ్మిదో రోజున వచ్చిన ఫారంలో రాత వేరుగా ఉంది. ‘తెరిచాడు. నలభై ఒక్క సెకన్లు. గింజ తానే తిన్నాడు. మహారాణి చూసింది.’

ఆమె దాన్ని మూడుసార్లు చదివింది. పరిశోధన మొదలైనప్పటినుంచి కలుషితం కాని మొట్టమొదటి ఫలితం అది. గంతులు వేయవలసిన ఘడియ. ఆమెకు మాత్రం ఎవరో చెంప ఛెళ్లుమనిపించినట్టు తోచింది. తలుపు నెమ్మదిగా తెరుచుకుని బాబాయ్ బయటికి వచ్చాడు.

“చూసి?” అంది గుసగుసగా.

“చూసి, పోయి బద్ధకిష్టి పక్కన కూర్చుంది.”

“ఎంతసేపు చూసింది?”

“కాస్త ఎక్కువసేపే. కడ్డీ చివరిదాకా కూడా జరిగింది. తర్వాత ఏమనుకుందో, వద్దనుకుంది.”

వాడు తలుపు వైపు చూశాడా అని అడగడానికి ఆమె నోరు తెరిచింది. అడిగితే బాబాయ్ నిజమే చెబుతాడని గుర్తొచ్చి మూసేసింది. తారీకు వేసి, ‘శిక్షిత పక్షి ఎంపిక: లేదు’ అన్న గడిలో టిక్కు పెట్టి, రేపటికి గింజలు ఎన్ని తూచాలో వేళ్లతో చూపించింది. లోపల చిలుకలన్నీ సాయంకాలపు గోల మొదలుపెట్టాయి. ఆ గోలలో వాడి గొంతేదో ఈరోజు ఆమెకు తేలలేదు.

చెప్పులు విప్పి చేతిలో పట్టుకుంది.

“ఇదేంటమ్మా?” అన్నాడు బాబాయ్.

“నా అడుగు వాడికి తెలుసు బాబాయ్,” అని, చల్లని మెట్లమీద ఉత్తికాళ్లతో, చప్పుడు చేయకుండా, లోలోపల వాణ్ణీ, మహారాణినీ, తననూ తిట్టుకుంటూ మూడంతస్తులు దిగిపోయింది.